సంతకం వేరు, సమ్మతి వేరు

మంగళగిరి పేరు చెబితే ఒకప్పుడు ఎవరికైనా చేనేత మగ్గాలే గుర్తుకు వచ్చేవి. ఇప్పుడు ఆ పేరు పక్కన ఎయిమ్స్ ఆసుపత్రి కూడా చేరింది. 2018లో విజయవాడలోని సిద్ధార్థ వైద్య కళాశాలలో తాత్కాలికంగా తరగతులు మొదలుపెట్టిన ఈ సంస్థ 2019లో మంగళగిరిలో రోగులను చూడటం ప్రారంభించింది. 960 పడకల ఈ ఆసుపత్రిని 2024 ఫిబ్రవరి 25న జాతికి అంకితం చేశారు. దగ్గర్లోనే చినకాకానిలో మరో వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల పత్తి రైతులు, మిర్చి కూలీలు, చిన్న వ్యాపారులు తెల్లవారుజామునే బయలుదేరి ఓపీ చీటీ కోసం వరుసలో నిలబడుతున్నారు. వారిలో మన ముస్లిం కుటుంబాలు కూడా ఉన్నాయి.

ఇవి కేవలం వైద్యం చేసి పంపించే ఆసుపత్రులు కావు. బోధనాసుపత్రులు. ఇక్కడ వైద్యంతోపాటు చదువు, చదువుతోపాటు పరిశోధన సాగుతాయి. పీజీ చదివే ప్రతి యువ డాక్టరూ ఏదో ఒక అంశం మీద రోగులను పరిశీలించి సిద్ధాంత వ్యాసం రాయవలసిందే. అందుకే అక్కడికి వెళ్లినవారికి ఏదో ఒక రోజు ఈ మాట వినబడవచ్చు: "అమ్మా, మీకు చేసే పరీక్షలతోపాటు కొంచెం రక్తం అదనంగా తీసుకుంటాం. ఒక పరిశోధన కోసం. మీకిష్టమైతే ఈ ఫారం మీద సంతకం పెట్టండి."

అప్పుడు మన ఇళ్లలో రెండు రకాల సమాధానాలు వస్తుంటాయి. "ఆయన పెద్ద చదువు చదివినాయన, ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టు" అనేది ఒకటి. "మనమీద ప్రయోగాలు చేస్తారట, సంతకం పెట్టొద్దు, లేచి వచ్చేయ్" అనేది రెండోది. చూడటానికి ఈ రెండూ ఒకదానికొకటి విరుద్ధంగా ఉన్నా, రెండింటిలోనూ లోపం ఒకటే. అడిగి తెలుసుకోకుండానే నిర్ణయం తీసేసుకోవడం. మరి ఒక విశ్వాసి ఈ విషయంలో ఎలా వ్యవహరించాలి? తన శరీరాన్ని పరిశోధనకు ఇవ్వడానికి అతనికి హక్కుందా? ఇస్తే ఏ షరతుల మీద ఇవ్వాలి? ఈ ప్రశ్నలను కాస్త నిదానంగా ఆలోచిద్దాం.

శరీరం అమానతు

ఈ శరీరం మన సొంత సొత్తు కాదు. అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. ఈ విశ్వాసం నుండే మిగిలిన విషయాలన్నీ పుట్టుకొస్తాయి. అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించాలని దివ్య ఖుర్‌ఆన్ నిసా సూరాలో ఆదేశించింది. మన చేతులతో మనల్ని మనం వినాశంలో పడవేసుకోరాదని బఖరా సూరా హెచ్చరించింది. ఆదం సంతతికి దైవం గౌరవం ప్రసాదించాడని బనీ ఇస్రాయీల్ సూరా తెలిపింది. ఆ గౌరవం ధనికుడికి ఒక పాలు, పేదవాడికి ఒక పాలు అని పంచినది కాదు.

అయితే అమానతు అంటే పెట్టెలో పెట్టి తాళం వేసే వస్తువని అర్థం కాదు. యజమాని ఇష్టపడే పనికి దాన్ని ఉపయోగించవచ్చు. ఒక ప్రాణాన్ని కాపాడినవాడు సమస్త మానవాళిని కాపాడినవాడితో సమానమనే భావం మాయిదా సూరాలో ఉంది. తమకు అవసరమున్నా ఇతరులకు ప్రాధాన్యమిచ్చిన అన్సారులను హష్ర్ సూరా ప్రశంసించింది. ఈ దృష్టితో చూస్తే, తనకు పెద్ద హాని లేనప్పుడు, రేపటి రోగికి మేలు కలగాలనే సంకల్పంతో కొంచెం రక్తం ఇవ్వడం, తన జబ్బు వివరాలు చెప్పడం, ఒక మందు పరీక్షలో పాల్గొనడం పుణ్యకార్యమే. ఎవరికి మేలు జరిగిందో ఇచ్చినవాడికి తెలియదు. ఎవరిచ్చారో మేలు పొందినవాడికీ తెలియదు. గుప్తదానానికి ఇంతకంటే చక్కటి ఉదాహరణ ఏముంటుంది?

కనుక అమానతు అనే మాట మనకు రెండు వైపులా హద్దు గీస్తుంది. దాన్ని మేలు కోసం ఇవ్వవచ్చు. కానీ పారవేయరాదు. అమ్ముకోరాదు. దానికి బాధ్యుడైన మనిషికి తెలియకుండా ఇంకొకరు తీసుకోనూరాదు.

పరిశోధన లేనిదే వైద్యం లేదు

అల్లాహ్ చికిత్స లేని రోగాన్ని అవతరింపజేయలేదని దైవప్రవక్త (సల్లం) తెలిపిన విషయం బుఖారీ గ్రంథంలో ఉంది. వైద్యం చేయించుకోవచ్చా అని పల్లెవాసులు అడిగినప్పుడు, చేయించుకోండని ఆయన చెప్పినట్లు హజ్రత్ ఉసామా బిన్ షరీక్ (రజి) ఉల్లేఖించారు. చికిత్స ఉందని చెప్పడం అంటే వెతకమని చెప్పడమే కదా! వెతకనిదే దొరకదు.

మన పూర్వీకులు ఆ మాటను అలాగే అర్థం చేసుకున్నారు. సుమారు 925లో మరణించిన అబూబకర్ అల్ రాజీ బాగ్దాదులో, తన స్వస్థలమైన రయ్ నగరంలో ఆసుపత్రులు నడిపిన వైద్యుడు. మెదడుకు సోకే సర్సామ్ అనే జబ్బు విషయంలో ఆయన కొంతమందికి రక్తం తీసే చికిత్స చేసి, మరికొంతమందికి చేయకుండా ఉంచి, ఫలితాలను పోల్చి చూసినట్లు రాసుకున్నాడు. పాదరసం ప్రభావాన్ని ముందుగా తన దగ్గరున్న కోతి మీద గమనించాడు. ఒక చికిత్స నిజంగా పనిచేస్తోందా, లేక రోగి తనంతట తానే కోలుకున్నాడా అనే ప్రశ్న ఆయనను వెంటాడింది. నేటి క్లినికల్ ట్రయల్ అనేది కూడా ఆ ప్రశ్న నుండి పుట్టినదే.

మన తెలుగు నేల నుండి వెళ్లిన ఎల్లాప్రగడ సుబ్బారావు (1895-1948) పేరు చాలామంది వినే ఉంటారు. భీమవరంలో పుట్టి అమెరికాలో పనిచేసిన ఆయన, ఆయన బృందం చేసిన కృషి వల్లనే బోదకాలు జబ్బుకు వాడే డైఇథైల్ కార్బమజైన్, గర్భిణులకు నేడు ఇస్తున్న ఫోలిక్ ఆమ్లం తయారీ, క్యాన్సర్‌లోనూ కీళ్లవాతంలోనూ వాడే మెథోట్రెక్సేట్ మనకు అందాయి. వీటిలో ప్రతి మందునూ మొదట ఎవరో ఒక మనిషి మింగాడు. అతని పేరు మనకు తెలియదు. అతని రుణం మాత్రం మన మీద ఉంది.

ఇంకొక విషయం. పత్తి చేలల్లో, మిర్చి తోటల్లో పురుగుమందు కొట్టే చేతులకు వచ్చే జబ్బులు ఎక్కడో చలిదేశాల ప్రజలను పరీక్షిస్తే అర్థం కావు. శ్రీకాకుళం ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎందుకు అంతగా ఉందో తెలియాలంటే అక్కడివారి రక్తాన్ని, నీటిని, తిండిని పరిశీలించవలసిందే. మన జబ్బులకు మందు కావాలి కానీ పరిశోధనలో మాత్రం పక్కవాడు పాల్గొనాలి అనుకోవడం న్యాయం కాదు. కాబట్టి పరిశోధన అనే మాట వినగానే బెదిరిపోయి లేచి వచ్చేయడం విశ్వాసికి తగదు.

ప్రవక్త జీవితంలో రెండు సంఘటనలు

మరైతే డాక్టరు చూపిన చోటల్లా కళ్లు మూసుకుని సంతకం పెట్టాలా? దైవప్రవక్త (సల్లం) జీవితంలోని రెండు సంఘటనలు ఇక్కడ మనకు దారి చూపుతాయి.

మొదటిది ఆయన చివరి జబ్బు రోజుల నాటిది. హజ్రత్ ఆయిషా (రజి) దీన్ని ఉల్లేఖించారు. స్పృహ సరిగా లేని స్థితిలో ఉన్న ప్రవక్తకు ఇంట్లోనివారు నోటి పక్కనుండి మందు పోశారు. వద్దని ఆయన సైగ చేశారు. రోగికి మందంటే సహజంగా అయిష్టం ఉంటుంది, అందుకే వద్దంటున్నారని వారు భావించారు. కాస్త తేరుకున్నాక ఆయన, నేను వద్దని చెప్పలేదా అని మందలించారు. అక్కడ లేని హజ్రత్ అబ్బాస్ (రజి)ను మినహాయించి, ఇంట్లో ఉన్నవారందరికీ అదే మందు పోయించారు. మందు పోసినవారు శత్రువులు కారు, ప్రాణానికి ప్రాణమైనవారు. వారి సంకల్పం మంచిదే. అయినా వద్దన్న మనిషికి పోయడాన్ని ఆయన ఒప్పుకోలేదు. "మీ మంచికే చేశాం" అనే మాట సమ్మతికి బదులు కాజాలదని ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

రెండోది మూర్ఛవ్యాధితో బాధపడే ఒక నల్లజాతి మహిళ సంఘటన. తన కోసం దుఆ చేయమని ఆమె వచ్చింది. ప్రవక్త (సల్లం) ఆమె ముందు రెండు మార్గాలు ఉంచారు. సహనం వహిస్తే స్వర్గం ఉంది. కోరుకుంటే స్వస్థత కోసం దుఆ చేస్తాను అన్నారు. ఆమె సహనాన్నే ఎన్నుకుంది. అయితే మూర్ఛ వచ్చినప్పుడు తన ఒంటిమీద బట్టలు తొలగిపోతున్నాయనీ, అలా జరగకుండా దుఆ చేయమనీ కోరింది. ఆయన చేశారు. ఇందులో ఎంత మర్యాద ఉందో చూడండి. రెండు దారులూ తెలియజెప్పారు. ఎంపిక ఆమెకే వదిలారు. తన మానమర్యాదల గురించి ఆమె పెట్టిన కోరికను మన్నించారు. నేటి వైద్య నీతి గ్రంథాలు పేజీలకొద్దీ వివరించే సంగతి ఈ ఒక్క సంఘటనలో ఇమిడి ఉంది.

వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి బాధ్యుడని మరో హదీసు చెబుతోంది. దీని ఆధారంగా ధర్మశాస్త్రవేత్తలు వైద్యుని బాధ్యతను లోతుగా చర్చించారు. నైపుణ్యం ఉండాలి, నిర్లక్ష్యం ఉండకూడదు, రోగి నుండి లేదా అతని సంరక్షకుని నుండి అనుమతి ఉండాలి. ఇమామ్ ఇబ్నుల్ ఖయ్యిమ్ (రహ్మ) జాదుల్ మఆద్ గ్రంథంలో వీటిని విడివిడిగా వివరించారు.

మన కాలంలో జిద్దా కేంద్రంగా ఉన్న అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ 1992లో చేసిన తీర్మానం మరింత స్పష్టంగా ఉంది. ప్రాణాపాయ స్థితిలో చికిత్సకు అనుమతి కోసం ఆగనక్కరలేదని అది చెప్పింది. కానీ వైద్య పరిశోధనకు మాత్రం పూర్తి అర్హత గల వ్యక్తి సమ్మతి తప్పనిసరి అన్నది. ఖైదీల మీద ఉండేలాంటి ఒత్తిడి గానీ, నిరుపేదలకు చూపేలాంటి డబ్బు ఆశ గానీ ఆ సమ్మతిలో ఉండరాదన్నది. ఖైదీని, నిరుపేదను ఆ తీర్మానం ప్రత్యేకంగా ఎందుకు ప్రస్తావించిందో మన తెలుగు నేల మీద జరిగిన రెండు ఘటనలు చూస్తే అర్థమవుతుంది.

మన నేల మీద జరిగినవి

మొదటిది 2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలో మొదలైంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకాను ఒక అమెరికన్ స్వచ్ఛంద సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుండి 14 ఏళ్ల బాలికలు సుమారు 14,000 మందికి ఇచ్చాయి. వారిలో చాలామంది హాస్టళ్లలో ఉండి చదువుకునే గిరిజన బాలికలు. ఆంధ్రప్రదేశ్‌లో ఐదుగురు, ఇదే కార్యక్రమం జరిగిన గుజరాత్‌లో ఇద్దరు బాలికలు చనిపోయారన్న వార్తతో ఆందోళన చెలరేగింది. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగిపోయింది.

ఇక్కడ న్యాయంగా మాట్లాడాలి. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. పాముకాటు, నీట మునగడం, జ్వరం వంటి కారణాలు బయటపడ్డాయి. ఆ టీకా చెడ్డదని మేము అనడం లేదు. మరి తప్పు ఎక్కడ జరిగింది? ఫారాల దగ్గర. పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాలలో 1,948 మీద వేలిముద్రలు ఉన్నాయి. 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకం చేశారు. ఊళ్లో ఉన్న తల్లికి, తండ్రికి విషయమే తెలియదు. వారి బిడ్డ కోసం వార్డెన్ "సరే" అన్నాడు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. ఫారం ఉంది, సంతకం ఉంది, లేనిదల్లా సమ్మతే!

రెండోది మనకు మరీ దగ్గరిది. 2011 జూన్‌లో పల్నాటి సీమలోని పిడుగురాళ్ల నుండి ఈ వార్త వచ్చింది. అక్కడి పేద మహిళలను మధ్యవర్తులు కొద్ది వేల రూపాయలు ఇస్తామని ఆశ చూపి హైదరాబాదులోని ఒక పరిశోధనా సంస్థకు తీసుకువెళ్లారు. క్యాన్సర్ మందుకు సంబంధించిన పరీక్షలో వారిని చేర్చారు. కొందరు అనారోగ్యం పాలైన తర్వాత గానీ విషయం బయటకు రాలేదు. ఔషధ నియంత్రణ అధికారులు ఆ సంస్థ అనుమతిని నిలిపివేశారు. ఇలాంటి పరీక్షలలో ఆరోగ్యవంతులకు మాత్ర ఇచ్చి, గంటకోసారి రక్తం తీసి, మందు ఒంట్లో ఎంత చేరిందో కొలుస్తారు. పాల్గొన్నవారికి వైద్యపరంగా వచ్చే లాభం ఏమీ ఉండదు. వచ్చేది డబ్బు ఒక్కటే. ఇంట్లో పొయ్యి వెలగని మనిషి ఆ డబ్బు చూశాక ఇక ప్రమాదం గురించి ఏం అడుగుతుంది?

డబ్బు ఇవ్వడమే తప్పని మా అభిప్రాయం కాదు. బస్సు చార్జీ, పోయిన రోజుకూలి, భోజనం ఖర్చు ఇవ్వడం న్యాయం. ఇవ్వకపోవడమే అన్యాయం. ఆ మొత్తం మనిషి భయాన్ని కొనేసే స్థాయికి చేరితే మాత్రం అది పరిహారం కాదు. అవసరంలో ఉన్నవాడి అమానతును చౌకగా కొనడం. పేదరికం వల్ల పెట్టిన సంతకానికి, ఖైదీ పెట్టిన సంతకానికి పెద్ద తేడా లేదు.

మంచి ఫలితం తప్పును కడిగేస్తుందా?

ఇక్కడ ఒక కఠినమైన ప్రశ్న ఎదురవుతుంది. "పద్ధతిలో లోపం ఉంటే ఉండనీయండి, చివరకు లోకానికి మేలు జరిగితే చాలదా?" అని కొందరు అంటారు. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. ఎందుకంటే మేలు జరగడం నిజంగానే జరుగుతుంది.

ఖమ్మం గొడవ తర్వాత దేశంలో హెచ్‌పీవీ టీకా అధ్యయనాలన్నీ 2010లో ఆగిపోయాయి. అప్పటికే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ సమన్వయంతో హైదరాబాదుతో సహా పలు నగరాల్లో మరొక అధ్యయనం నడుస్తోంది. అది ఖమ్మం కార్యక్రమానికి సంబంధం లేనిది. హఠాత్తుగా ఆపడంతో అందులోని సుమారు 5,000 మంది బాలికలకు ఒకే మోతాదు అందింది. పరిశోధకులు వారిని ఏళ్లతరబడి గమనించారు. ఆ ఒక్క మోతాదు కూడా ప్రధానమైన రెండు రకాల వైరస్‌ల దీర్ఘకాలిక సంక్రమణ నుండి 95 శాతం రక్షణ ఇస్తోందని 2021లో ప్రచురించారు. 2022 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ 9 నుండి 20 ఏళ్ల వయసువారికి ఒక మోతాదు కూడా చాలునని అంగీకరించింది. పేద దేశాల బాలికలకు ఇది ఎంత పెద్ద మేలో చెప్పనక్కరలేదు.

ఖమ్మంలో జరిగిన తప్పు ఇలా పరోక్షంగా ఒక మేలుకు దారితీసిందని చెప్పవచ్చు. అంతమాత్రాన ఆ వార్డెన్ల సంతకాలు సక్రమమైపోతాయా? కావు. చెడు నుండి మేలును వెలికితీయడం అల్లాహ్ వివేకం. దాన్ని అడ్డం పెట్టుకుని చెడును సమర్థించుకోవడం దాసుని పని కాదు. దొంగిలించిన సొమ్ముతో బావి తవ్విస్తే ఊరి దాహం తీరవచ్చు. దొంగతనం దొంగతనంగానే మిగులుతుంది. సొమ్ము పోగొట్టుకున్నవాడికి తీర్పుదినాన తన హక్కు అడిగే అధికారం అలాగే ఉంటుంది.

పైగా సమ్మతిని పక్కనపెట్టి సాధించిన మేలు నిలవదు. దీనికి ఆఫ్రికాలోని నైజీరియా దేశం సాక్ష్యం. 1996లో ముస్లింలు అధికంగా ఉండే కానో నగరంలో మెదడు పొరల వాపు జబ్బు ప్రబలినప్పుడు, ఒక అమెరికన్ మందుల సంస్థ సుమారు 200 మంది పిల్లల మీద పరీక్ష జరిపింది. సగం మందికి తన కొత్త మందు, మిగిలిన సగం మందికి అప్పటికే వాడుకలో ఉన్న మందు ఇచ్చింది. మొత్తం 11 మంది పిల్లలు చనిపోయారు. నోటిమాటగా సమ్మతి తీసుకున్నామని సంస్థ చెప్పింది. ఇది ప్రయోగమని తమకు చెప్పనేలేదని తల్లిదండ్రులు అన్నారు. 2009లో 7 కోట్ల 50 లక్షల డాలర్లతో కానో రాష్ట్రంతో రాజీ కుదిరింది.

కానీ డబ్బుతో తీరని నష్టం ఈలోగా జరిగిపోయింది. 2003లో పోలియో చుక్కల మీద పుకార్లు వచ్చినప్పుడు కానో ప్రజలు వాటిని సులువుగా నమ్మారు. పాత గాయం వారిని నమ్మేలా చేసింది. నెలల తరబడి అక్కడ చుక్కలు వేయడం ఆగిపోయింది. వ్యాధి అక్కడి నుండి పోలియో లేని అనేక దేశాలకు పాకింది. ఇండోనేషియా దాకా వెళ్లింది. నడవలేని స్థితికి చేరిన ఆ పిల్లలు ఏం తప్పు చేశారు? ఆఫ్రికా ఖండం పోలియో నుండి విముక్తమైందని ప్రకటించడానికి 2020 ఆగస్టు దాకా ఆగవలసి వచ్చింది. ఒకచోట నమ్మకాన్ని దొంగిలిస్తే దాని మూల్యం ఎక్కడో, ఎప్పుడో, ఏ పాపం ఎరుగని పసివారు చెల్లిస్తారు. అలాగే, అడిగి తెలుసుకోకుండా పుకారును నమ్మినవారు కూడా ఆ బాధ్యత నుండి పూర్తిగా తప్పించుకోలేరు. వార్తను నిర్ధారించుకోమని హుజురాత్ సూరా ఆజ్ఞాపించింది కదా!

ఇంట్లో ఎవరు "సరే" అనాలి?

డాక్టర్ల సంగతి, సంస్థల సంగతి ఇలా ఉండగా, మన ఇళ్లను కూడా ఒకసారి పరికించి చూసుకోవాలి. ఆసుపత్రిలో మంచం మీద ఉన్నది భార్య. కాగితం చదివేది, ప్రశ్నలు అడిగేది, సంతకం పెట్టేది భర్త. ఆమెను ఎవరూ ఏమీ అడగరు. అదే మర్యాద అని చాలామంది అనుకుంటున్నారు. నికాహ్ విషయంలో స్త్రీ సమ్మతిని షరియత్ తప్పనిసరి చేసింది. ఆమె ఆస్తి మీద హక్కు ఆమెకే ఇచ్చింది. అటువంటప్పుడు ఆమె రక్తం, ఆమె శరీరం విషయంలో ఆమె నోటిమాట అక్కరలేదని ఎలా అనగలం? భర్త పక్కన ఉండాలి, వివరించాలి, ధైర్యం చెప్పాలి. "సరే" అనో "వద్దు" అనో చెప్పవలసింది మాత్రం ఆమె.

వృద్ధులైన అమ్మానాన్నల విషయమూ ఇంతే. "వాళ్లకేం తెలుసు" అని కొడుకులు మాట్లాడేస్తుంటారు. స్పృహలో ఉండి, మాట అర్థమయ్యే పెద్దవారిని దాటి సంతకం పెట్టడం సేవ కాదు. వారి గౌరవాన్ని తగ్గించడం. పిల్లల విషయం మరింత సున్నితమైనది. పిల్లల జబ్బుల మీద పరిశోధన అసలే లేకపోతే నష్టపోయేది పిల్లలే. అందుకే మన దేశ నిబంధనలు తల్లిదండ్రుల సమ్మతితోపాటు, ఏడేళ్లు దాటిన పిల్లల అంగీకారం కూడా తీసుకోవాలంటున్నాయి. సంరక్షకుడు అంటే యజమాని కాదు, కాపలాదారు. బిడ్డకు మేలు కనబడని చోట, హాని పొంచి ఉన్న చోట బిడ్డ తరఫున ఉదారంగా ఉండే హక్కు మనకు లేదు. దానం మన సొంతంలో నుండి చేయాలి.

అడగడం అవిశ్వాసం కాదు

ఖమ్మం వంటి ఘటనల తర్వాత దేశంలో చట్టం కొంత గట్టిపడింది. మందుల పరీక్షలకు 2019లో కొత్త నిబంధనలు వచ్చాయి. ప్రతి మందు పరీక్షకూ నైతిక సంఘం అనుమతి ఉండాలి. ఫారం మనకు అర్థమయ్యే భాషలో ఉండాలి. చదవలేని మనిషి అయితే ఆ పరీక్షతో సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలి. ఒక ప్రతి మనకు ఇవ్వాలి. పరీక్ష వల్ల హాని జరిగితే వైద్యం, నష్టపరిహారం అందించాలి. ఇవన్నీ కాగితం మీద ఉన్నాయి. అడిగేవాడు ఉంటేనే కాగితం మీది హక్కు చేతికి వస్తుంది.

కాబట్టి సంతకం పెట్టే ముందు ఈ ప్రశ్నలు అడగండి:

1. ఇది నా జబ్బుకు చేసే వైద్యమా, లేక పరిశోధనా?
2. నాకు ఏమేమి చేస్తారు? దానివల్ల ఏ ఇబ్బంది, ఏ ప్రమాదం రావచ్చు?
3. నేను ఒప్పుకోకపోతే నా వైద్యం ఇప్పటిలాగే సాగుతుందా?
4. మధ్యలో వద్దనుకుంటే మానేయవచ్చా?
5. నా రక్తం, నా వివరాలు ఎక్కడ ఉంచుతారు? ఎవరు చూస్తారు?
6. నాకేమైనా జరిగితే ఎవరిని పిలవాలి? ఖర్చు ఎవరిది?

కొన్ని పరీక్షలలో సగం మందికి అసలు మందు, సగం మందికి మందు లేని మాత్ర ఇస్తారు. ఎవరికి ఏది దక్కిందో రోగికీ తెలియదు, చాలాసార్లు డాక్టరుకూ తెలియదు. దీన్ని మోసం అనుకోనక్కరలేదు. ఏ చికిత్స మేలో నిజంగానే తెలియనప్పుడు, ఆ సంగతి ముందే రోగికి చెప్పినప్పుడు, అది న్యాయమైన పద్ధతే. చెప్పకుండా చేస్తేనే మోసం. పనిచేసే మందు ఉండగా దాన్ని రోగికి అందకుండా చేయడం అంతకంటే ఘోరం. అమెరికాలోని టస్కీగీ ప్రాంతంలో 1932 నుండి 1972 దాకా 399 మంది నల్లజాతి రోగులకు సుఖవ్యాధికి చికిత్స అందనివ్వకుండా, జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు. పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చాక కూడా ఇవ్వలేదు. 1997లో ఆ దేశాధ్యక్షుడు క్షమాపణ చెప్పాడు. అప్పటికి వారిలో అత్యధికులు మట్టిలో కలిసిపోయారు.

ప్రశ్నలు అడిగితే డాక్టరుగారు కోపగించుకుంటారేమోనని మనవారికి సంకోచం. నిజాయితీపరుడైన డాక్టరు ప్రశ్నను అవమానంగా భావించడు. ఓపీలో రద్దీ ఉంటుంది, నిజమే. అలాంటప్పుడు "ఫారం ఇంటికి తీసుకెళ్లి చదివి రేపు చెబుతాను" అనే హక్కు మనకుంది. పరిశోధన ప్రాణం మీదికి వచ్చిన పని కాదు. ఒక రోజు ఆగగలదు.

వైద్య విద్య చదువుతున్న మన అబ్బాయిలకు, అమ్మాయిలకు ఒక మాట. రేపు మీ చేతిలోనూ ఆ ఫారం ఉంటుంది. ఎదురుగా మిర్చి కోసి కోసి వేళ్లు మండుతున్న ఒక తల్లి కూర్చుని ఉంటుంది. ఆమె చదవలేదు. మీరు ఏది చెబితే అది నమ్ముతుంది. ఆ నమ్మకం కూడా ఒక అమానతే. సిద్ధాంత వ్యాసానికి కావలసిన సంఖ్య నింపుకోవాలనే తొందరలో ఆమె వేలిని సిరాలో ముంచకండి. ఆమె భాషలో చెప్పండి. అర్థమైందా అని అడగండి. "వద్దు" అంటే చిరునవ్వుతో "సరేనమ్మా" అనండి. మీ వ్యాసాన్ని పరీక్షాధికారి ఒకసారి దిద్దుతాడు. ఆ వేలిముద్ర మాత్రం మరో న్యాయస్థానంలో మీకు అనుకూలంగానో వ్యతిరేకంగానో సాక్ష్యం చెబుతుంది.

ఇక మనందరి విషయానికి వస్తే, భయంతో తలుపు మూసుకోవద్దు. బద్ధకంతో సంతకం పారేయొద్దు. తెలుసుకుందాం, ఆలోచిద్దాం, మనసుకు సమ్మతమైతే అల్లాహ్ ప్రసన్నత కోసం ఇద్దాం. సమ్మతం కాకపోతే మర్యాదగా వద్దందాం. అలా ఇచ్చిన ఒక చుక్క రక్తం కూడా ఆయన దగ్గర వృథా పోదు.

మనకు అప్పగించిన అమానతును గుర్తెరిగి కాపాడుకునే వివేకాన్ని, ఇతరుల అమానతు పట్ల భయభక్తులతో మెలిగే బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.